మధుపర్కం మీద ఆకుపచ్చ

ఆ రోజు తెనాలి ఇంట్లో ఉన్నది నలుగురు: పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే మోహనకృష్ణ, అతని భార్య లక్ష్మీదుర్గ, తల్లి శకుంతలమ్మ, రేపల్లె నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ నాగూర్ బాషా. సెలవులకు వేమూరు నుంచి బాబాయి ఇంటికొచ్చిన శ్రావ్యను కలిపితే అయిదుగురు. నోరు విప్పని పిల్ల గనక ఆమెను కలపడం ఎవరికైనా ఆలస్యంగానే గుర్తొస్తుంది.

మోహనకృష్ణ చేసిన ఆల్బమ్‌ను రేపల్లె పెళ్లివారు తిప్పి పంపారు. "పెళ్లి ఫొటోలా, కామెర్ల ఆసుపత్రి ఫొటోలా?" అని పెళ్లికూతురి తల్లి అడిగిందట. తెరమీద చక్కగా ఉన్న మొహం అచ్చులో పసుపెక్కింది. అందుకని బాషా బాపట్లలో ఒక స్నేహితుణ్ని బతిమాలి, తెర రంగులు కొలిచే పరికరం తెచ్చాడు.

శ్రావ్య ప్రాణమంతా ఆ పరికరం మీదే ఉంది. అది ఎలుకపిల్లంత కూడా లేదు. బియ్యాన్ని కొలుస్తారు, గుడ్డను కొలుస్తారు. రంగును ఎలా కొలుస్తారు? "నేనూ చూడొచ్చా బాబాయ్?" అని అడగడానికి ఆమెకు టిఫిన్ నుంచి భోజనాల దాకా పట్టింది.

"మాట్లాడకుండా నిలబడాలి మరి," అన్నాడు మోహనకృష్ణ.

"అది దానికి వేరే చెప్పాలా," అని లక్ష్మీదుర్గ నవ్వింది.

శ్రావ్య కిటికీ పక్కన నిలబడింది. బాషా తెరకు పరికరం వేలాడదీశాడు. దాని కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, రకరకాల బూడిద రంగులు వచ్చి పోయాయి. అంతా అయ్యాక తెర కాస్త పసుపు తిరిగింది.

"ఇదేంటి, ముసలిదైపోయింది?" అన్నాడు మోహనకృష్ణ.

"ఇన్నాళ్లూ అది నీలంగా ఉందన్నా. ఆ నీలం చంపాలని నువ్వు పసుపు పోసుకుంటూ పోయావు."

పాత ఫొటో తెరిస్తే తెరమీద కూడా పెళ్లికూతురికి కామెర్లొచ్చాయి. ఇద్దరూ సంబరపడ్డారు. ఆల్బమ్‌ను తెర పక్కన పెట్టి పోల్చి చూద్దామని, వెలుతురు కోసం కిటికీ తెరిచారు.

"చీరైనా వాకిట్లోకి తెచ్చి చూస్తేనే గదరా రంగు తెలిసేది," అంది శకుంతలమ్మ హాల్లోంచి.

కానీ ఆల్బమ్‌లో తెల్లటి మధుపర్కం అంచంతా ఆకుపచ్చగా ఉంది. తెరమీద ఆ పచ్చ లేదు. మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే.

"పరికరమే పాడైందేమోనన్నా. తిరిగి ఇచ్చేస్తా," అన్నాడు బాషా. మోహనకృష్ణ మొహం చిన్నబోయింది.

శ్రావ్య ఆల్బమ్‌నే చూస్తోంది. ఆమె ముందుకు వంగితే ఆకుపచ్చ పెరిగింది. వెనక్కి జరిగితే పోయింది. అనుమానం తీరక మళ్లీ వంగింది. కిటికీ ఎండ ఆమె కొత్త చిలకపచ్చ ఓణీ మీద పడుతోంది.

చెబితే బయటికి పొమ్మంటారని ఆమెకు తెలుసు. చెప్పకపోతే పరికరం బాపట్ల వెళ్లిపోతుంది.

"బాబాయ్, ఆ ఆకుపచ్చ నాది," అంది.

వాళ్లకు అర్థం కాలేదు. ఆమె వెనక్కి జరిగి చూపించింది.

బాషా తల పట్టుకున్నాడు. "మనిద్దరం రెండుసార్లు కొలిచాం, ఈ పిల్ల కంటితోనే పట్టేసింది. ఇంకోసారి మొదట్నుంచీ కొలుద్దాం అన్నా, గదిలో రంగు బట్టలేమీ లేకుండా."

"వేరేవి కట్టుకొస్తాను బాబాయ్."

"నీ సంచిలో రంగులు కానివేమున్నాయే?" అంది లక్ష్మీదుర్గ.

శ్రావ్య గడప దాటి, ఆగి, వెనక్కి తిరిగింది. "కిటికీ మూసి కొలిస్తే, చీకట్లో కూడా దానికి నా ఓణీ కనిపిస్తుందా?"

మోహనకృష్ణ తలుపు మీద చెయ్యి వేశాడు.

"తెలీదమ్మా," అని తలుపు మూశాడు.