ఇరవై నిమిషాల జిగురు

పటాన్‌చెరు బస్టాండు ఎదుట షంషేర్ గడియారాల కొట్టులో మనిషి కూర్చుంటే కాళ్లు చాపే చోటుండదు. ఆయనది ముప్ఫై ఎనిమిదేళ్ల పనితనం కదా, పొగరుకు మాత్రం కొదవ లేదు. కీ ఇచ్చేదే అసలు గడియారం, బ్యాటరీది ఏదో కాలక్షేపం, ముళ్లు లేకుండా అంకెలే కనబడే ప్లాస్టిక్‌ది పిల్లల ఆటవస్తువు. ఇదీ ఆయన లెక్క. బాగుచేసిన ప్రతి గడియారాన్నీ ఒక రోజంతా తన చేతికి కట్టుకుని చూశాకే తిరిగి ఇచ్చేవాడు.

కొండాపూర్ నుంచి కంపెనీ పనికొచ్చే వనజ బ్యాటరీ గడియారం అలా రెండుసార్లు ఆయన చేతి మీద నిక్షేపంగా నడిచింది. ఆమె చేతికి పోగానే మళ్లీ వెనకబడింది.

"చాచా, మా కంపెనీల ఫోన్లు గేటు కాడనే తీస్కుంటరు, టైం చూస్కోనీకి ఈ గడియారమే దిక్కు. ముక్కలకు జిగురు పెట్టి సక్కగ ఇరవై నిమిషాలు బిగించి ఉంచాలె. ఎక్కువైతే క్లాంపుకే అంటుకుంటయ్, తక్కువైతే ఊడుతయ్. ఇంకొక్కపారి ఖరాబైతే రావద్దన్నడు సూపర్‌వైజర్."

షంషేర్‌కు రోషం పొడుచుకొచ్చింది. తన సొంత కీ గడియారం విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "నా షాదీ నాటిది బిడ్డా. ఇది తప్పితే దుకాణం బంద్ చేస్త."

మూడో రోజు వనజ ఏడ్చుకుంటూ వచ్చింది. గడియారం ఈసారి ముందుకు పరుగెత్తిందట. తొందరగా విప్పిన ముక్కలన్నీ ఊడిపోయాయి, పని పోయింది.

షంషేర్ మూత తీసి చూశాడు. సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"ముక్కలంటే ఏం ముక్కలు?"

"స్పీకర్లల్ల పెట్టే అయస్కాంతాలు చాచా. నువ్వు అడగలే గద."

నిజమే, అడగలేదు. తన కొట్టులో, తన చేతి మీద చూసుకుని అంతా తెలిసినట్టు మాట్లాడాడు. బ్యాటరీ గడియారంలో ముళ్లను తిప్పే చిన్న మోటారు అయస్కాంతం పక్కన ఆగిపోతుంది. కీ గడియారం స్ప్రింగుకు అయస్కాంతం పడితే అది పరుగు పెడుతుంది. అంకెలదానికి ఆ మోటారూ లేదు, ఆ స్ప్రింగూ లేదు. ఇంత తెలిసీ ఒక ఆడపిల్ల పని పోగొట్టానే అని ఆయనకు సిగ్గేసింది.

కింది అరలో దుమ్ముపట్టిన ప్లాస్టిక్ గడియారం తీసి, వనజ బ్యాటరీదీ పట్టుకుని, కొట్టు మూసి, ఆమెతో పాటు కంపెనీకి వెళ్లాడు. సూపర్‌వైజర్ శివకుమార్ కళ్ల ముందే అయస్కాంతాల బల్ల మీద రెండు గడియారాలు పక్కపక్కన పెట్టాడు. వనజ గడియారంలో ముల్లు ఆగిపోయింది. ప్లాస్టిక్‌దాంట్లో అంకెలు తమ మానాన మారుతూనే ఉన్నాయి.

"పిల్ల తప్పు లేదు సార్, నాదే. ఏం పనో అడగకుండనే గడియారం ఇచ్చిన." ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

శివకుమార్ ఆగిన ముల్లునూ మారే అంకెలనూ మార్చి మార్చి చూశాడు. "సరే వనజా, రేపు పనికి రా. గని ఇగ ఈ పెద్దమనిషి కాడ గడియారం కొనకు."

"కొనలే సార్, ఊకెనే ఇచ్చిండు," అంది వనజ.

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. షంషేర్‌కు సూపర్‌వైజర్ మాట గట్టిగానే గుచ్చుకుంది. అయినా పిల్ల పని నిలబడింది కదా అనుకుని, ఆటవస్తువును ఆమె మణికట్టుకు తన చేత్తోనే కట్టాడు.