కటుంగే దిద్దుబాట్లు

నకూరు పట్టణంలో పాల సొసైటీలకు సాఫ్ట్‌వేర్ చేసి అమ్మే చిన్న కంపెనీలో కటుంగేది పదహారేళ్ళ ఉద్యోగం. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో రాసి, అచ్చు వేయించి, సొసైటీలకు పంపేది ఆవిడే. ఆ పుస్తకాలు ఎవరు చదువుతారో దేవుడికెరుక. ఆవిడ మాత్రం ఒక్క అక్షరం తేడా వచ్చినా రెండు రోజులు అన్నం సరిగ్గా తినదు.

ఒకరోజు పదిగంటల టీ దగ్గర మేనేజరు గిథైగా చావు కబురు చల్లగా చెప్పాడు.

"మేడమ్, ఇక అచ్చు పుస్తకాలుండవు. హెల్పంతా తెర మీదే, ఇంటర్నెట్‌లోనే. అది రాయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో మీరే చూసుకుని, మీరే నేర్చుకోండి. నెల టైము. ఆఖర్న ఒక సొసైటీ గుమాస్తాని పిలిపిస్తాను. మీరు రాసింది చూసి ఆయన ఎవర్నీ అడక్కుండా పని చేసుకోగలిగితే సరే. లేదంటే నైరోబీలో ఒక సంస్థ అడుగుతోంది, వాళ్ళకిచ్చేస్తాను."

"మరి నేనో?"

గిథైగా మండాజీ బూరె తుంచి టీలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నోరు నిండుగా ఉన్నవాణ్ణి ఇంకేమడుగుతాం?

కటుంగే నాలుగు సాఫ్ట్‌వేర్లు వెతికి పట్టుకుంది. ముప్ఫై రోజులు ఉచితంగా వాడుకోనిస్తారు, నచ్చితే కొనుక్కోవచ్చు. మామూలు మనుషులైతే తెరిచి, నాలుగు పేజీలు రాసి చూస్తారు. ఈవిడ అలా కాదు. ముందు ఒక్కోదాని హెల్పు తెరిచింది. హెల్పు రాసే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు తమ హెల్పు ఎలా రాసుకున్నారో చూడొద్దూ? చూసింది. మూడింటిది పరవాలేదు. నాలుగోదాని హెల్పు మాత్రం ఘోరంగా ఉంది. నాలుగో మెట్టు తర్వాత ఆరో మెట్టు. లేని బటన్ని నొక్కమంటారు. ఉన్న బటన్ గురించి ఊసే లేదు.

అక్కడే పడిపోయింది కటుంగే. తప్పులు లేని మూడింటినీ పక్కన పెట్టేసి, తప్పులున్నదాన్నే పట్టుక్కూర్చుంది. ఒక్కో పేజీ చదవడం, చెప్పినట్టు చేసి చూడటం, కుదరకపోతే అసలు ఎలా చెయ్యాలో కనిపెట్టడం, సరిగ్గా తిరగరాసి ఆ కంపెనీకి ఉత్తరం పంపడం. రోజుకు రెండు మూడు ఉత్తరాలు. వాళ్ళు ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఆవిడా ఆపలేదు.

పక్క బల్ల మీద ప్రోగ్రాములు రాసే జెరోప్ నోరు ఊరుకోదు.

"ఏంటక్కా, పిల్లనడగడానికెళ్ళి వాళ్ళింట్లో బూజు దులుపుతున్నావా?"

"చూడవే, సేవ్ చెయ్యమని చెప్పకుండానే మూసెయ్యమంటున్నాడు! ఎంతమంది కొంపలు ముంచాడో."

"ముందు నీ కొంప సంగతి చూసుకో. మనది ఎన్ని పేజీలయింది?"

"ఎనిమిది."

"నెలకి ఎనిమిదా! నైరోబీవాళ్ళకి ఇప్పుడే టీ పెట్టమని చెప్పనా?"

కటుంగే నవ్వేసింది గానీ, ఆ రాత్రి ఆమెకి గుండెల్లో రాయి పడింది. యాభై రెండేళ్ళ మనిషికి మళ్ళీ ఉద్యోగం ఎవరిస్తారు?

పరీక్ష రోజు పొద్దున్నే వచ్చి సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఎనిమిది పేజీలకూ ఆఖరి మెరుగులు దిద్దాలని. తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది. ఉచిత గడువు ముగిసింది, కొంటేనే లోపలికి రానిస్తాం. ఎనిమిది పేజీలూ ఆ తలుపు వెనకే ఉండిపోయాయి.

"అదేంటి? నేను రాయడం మొదలుపెట్టి పాతిక రోజులేగా అయింది!"

జెరోప్ వచ్చి చూసింది. "గడువు రాయడం మొదలెట్టిన రోజు నుంచి కాదక్కా, ఎక్కించిన రోజు నుంచి. హెల్పులో ఉండే ఉంటుందే."

ఉంది. పన్నెండో పేజీలో ఉంది. ఆ వాక్యం కటుంగేకి బాగా గుర్తు. మరీ పొడుగ్గా ఉందని రెండు వాక్యాలుగా విడగొట్టి, చక్కగా తిరగరాసి, వాళ్ళకి పంపింది కూడా. అందులో ఏముందో మాత్రం బుర్రకెక్కించుకోలేదు. వాక్యాలు దిద్దేవాళ్ళ బతుకే అంత.

జెరోప్‌కి నవ్వాగలేదు. కటుంగే మొహం చూశాక ఆగింది.

"ఏడవకు. నా కంప్యూటర్లో ఎక్కిస్తా, నాకూ ముప్ఫై రోజులిస్తాడుగా. పదకొండుకి కదా వాళ్ళొచ్చేది? అక్కా, ఎనిమిది పేజీలు అక్కర్లేదు. ఒక్కటి చెయ్యి."

కటుంగే కూర్చుంది. కొత్త పని తెరిచింది, పేజీ పెట్టింది, విషయసూచిక కట్టింది, వెతికే డబ్బా అమర్చింది, బొమ్మలు దింపింది. ఎక్కడా ఆగలేదు. గంటన్నరలో ఎనిమిదీ అయిపోయాయి, పైన ఇంకో మూడు.

"హెల్పు ఒక్కసారి కూడా తెరవలేదేంటి?" అంది జెరోప్.

"తెరిస్తే అన్నీ తప్పులేగా!" అనేసి, తనే బిత్తరపోయింది కటుంగే. నెలంతా వాళ్ళ తప్పులు వెతుకుతున్నాననుకుంది గానీ, వెతికిన ప్రతిచోటా పని నేర్చుకున్నానని ఆవిడకి తట్టనే లేదు.

పదకొండుకి గిథైగా వెంట మ్జే కిర్వా వచ్చాడు. పెద్దవాళ్ళని అక్కడ మ్జే అనే పిలుస్తారు. మోలో కొండల్లో పాల సొసైటీ గుమాస్తా, అరవై దాటిన మనిషి. టోపీ తియ్యకుండానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"మ్జే, ఒక రైతు పేరు మీద పాలు ఎక్కించారు. తర్వాత పరీక్షలో పులిసినట్టు తేలింది. ఆ పాలు వెనక్కి తియ్యాలి. ఎవర్నీ అడక్కూడదు," అన్నాడు గిథైగా.

కిర్వా ఒక వేలితో ఏదో కొట్టాడు. పేజీ వచ్చింది. చదివాడు. ఒక బటన్ నొక్కాడు. మళ్ళీ చదివాడు. తెర మీద వేలు ఆడిస్తూ వెతికాడు. "కిందికి జరపండి" అనబోయింది కటుంగే. జెరోప్ ఆవిడ కాలు తొక్కింది. కిర్వా తనే కిందికి జరిపి, ఇంకో బటన్ నొక్కాడు.

"అయిపోయింది," అన్నాడు కుర్చీ వెనక్కి నెట్టి.

"ఆ పేజీ ఎలా ఉంది మ్జే?" అన్నాడు గిథైగా.

"ఏ పేజీ?"

"ఇందాక చదివారే, పక్కన."

"ఓ, అదా. చూశాననుకుంటా. అయినా చూడాల్సినంత ఏముంది బాబూ, పని తేలికేగా! ఇదివరకు మీ పుస్తకం ఒకటుండేది, అబ్బో, అది చదివితే వచ్చిన పని కూడా మర్చిపోయేవాణ్ణి. ఇంతకీ టీ ఏమైనా ఇస్తారా లేదా?"

జెరోప్ గోడవైపు తిరిగి భుజాలు అదిరేలా నవ్వుకుంది. గిథైగా కటుంగే వైపు ఒకసారి చూసి, ఫోన్ తీసి నైరోబీకి చేశాడు.

"మీరు రానక్కర్లేదండీ. ఆ పనికి మా దగ్గర మనిషుంది."

పదహారేళ్ళ పుస్తకాలకు చీవాట్లు పడ్డాయి, గంటన్నర పనిని ఆయన గమనించనైనా లేదు. కటుంగేకి అంతకంటే మంచిమాట ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. కళ్ళు తుడుచుకుని, కిర్వాకి టీ తనే పోసింది.

"చక్కెర ఎంత వెయ్యమంటారు మ్జే?" అని అడిగింది. రాసింది తనేనని మాత్రం చెప్పలేదు.