చూడవలసినవి, తినవలసినవి

దుప్పటి దులిపితే ఇసుక రాలింది. మూడో గదిలో దిగినవాళ్లు నిన్న ఉత్తరం వైపు బీచికి వెళ్లారన్నమాట. అక్కడి ఇసుక గరుగ్గా, ఎర్రగా ఉంటుంది. కోట వెనకదైతే నల్లగా పిండిలా ఉండి, తడిగుడ్డ పెట్టి తుడిస్తే తప్ప నేలని వదలదు. మా ఊరికి నాలుగు వైపులా సముద్రమే. ఏ వైపు ఇసుక ఎలా ఉంటుందో నా అంత బాగా తెలిసినవాళ్లు ఊళ్లో ఇంకొకరు ఉండరు. అదంతా నాకు చీపురు చెప్పిన చదువే.

వంతెన దాటి ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకి మేం నాలుగు గదులు అద్దెకిస్తాం. పడవల రేవు మా ఇంటికి ఆరు వీధుల దూరం. ప్రతి గదిలోనూ తలుపు వెనక ఒక కాగితం అతికించి ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో ‘చూడవలసినవి, తినవలసినవి’ అని ఉంటుంది. మొదట రాసింది మా అత్తగారు. ఉప్పుగాలికి అక్షరాలు వెలిసిపోతే ఏడాదికోసారి తిరగరాసేది నేను. లైట్‌హౌస్ మెట్లు నూట తొంభై, సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ఎండ వీపు మీద ఉంటుంది. చేపల వేలంపాటకి చెప్పులేసుకుని వెళ్లకండి, జారతారు. పాత వీధిలో కొబ్బరిచిప్పలో పెట్టిచ్చే ఐస్‌క్రీం అక్కడే నిలబడి తినాలి, గదికి తెచ్చుకుందామంటే నీళ్లయిపోతుంది. రేవు చివర నీలం రేకుల కింద, నిప్పుల మీద కాల్చిన చేప. నిమ్మచెక్క ఒకటే పిండుతారు, రెండోది అడిగి పిండించుకోండి. ఇలాంటివి మొత్తం పద్నాలుగు. ఆ పద్నాలుగింటిలో ఒక్కటి కూడా మా అత్తగారు చూడలేదు, తినలేదు. నేనూ అంతే.

మరి ఎలా రాసిందంటే, అడిగి. దీపాలు పెట్టేవేళకి గెస్టులు ఊరంతా తిరిగి వస్తారు. మంచినీళ్ల కూజా, దోమల చుట్ట ఇవ్వడానికి గదిలోకి వెళ్లి, “ఏం చూశారు నాయనా? ఏం తిన్నారు?” అని మొదలుపెట్టేది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు బుర్రలో పెట్టుకుని, మర్నాడు కాగితంలో ఒక మాట కొట్టేసి ఇంకో మాట చేర్చేది. ఆవిడ మంచాన పడ్డాక ఆ కూజా నా చేతికి వచ్చింది. గదుల్లో విన్నది వెనక గదిలో ఆవిడకి చెప్పేదాన్ని. కళ్లు మూసుకుని వినేది. “చేప లోపల మెత్తగా ఉంటుందా అమ్మాయ్, పొడిపొడిగా ఉంటుందా?” అని అడిగేది. “మెత్తగానే ఉంటుందట అత్తయ్యా.” “తోలు?” “తోలు కరకరలాడుతుందట.” చిన్నపిల్లలా నవ్వేది. ఆవిడ పోయి మూడేళ్లయింది.

మా ఆయన సంగతి వేరు. ఆయన రోజూ వెళతాడు. ముందు గదిలో ఊరి మ్యాపు పరిచి, ఎర్ర పెన్సిలుతో దారులు గీసి, గెస్టులు కూడా రమ్మని బతిమాలితే మర్యాదకి ఒకసారి కాదని, రెండోసారికి చెప్పులేసుకుంటాడు. వాళ్లతోపాటు తింటాడు. కామెంట్ల పుస్తకం నిండా ఆయనే. ‘ఓనరు గారి ఆతిథ్యం మరువలేం. ఇంటి భోజనం అమోఘం.’ ఆ భోజనం ఆయన మ్యాపులోంచి ఊడిపడినట్టు. ఇంటికొచ్చి, “ఆ కాల్చిన చేపలు తిని తిని మొహం మొత్తిందోయ్, నాకేదైనా మామూలుగా చేసిపెట్టు” అంటాడు. నన్నూ ఒకసారి తీసుకెళ్లమని అడగలేదా? అడిగాను. పెళ్లయిన కొత్తలో అడిగాను, పదేళ్లకి అడిగాను. “లైట్‌హౌస్‌కి కాళ్లొచ్చి నడిచిపోతుందా? జనం విమానాలెక్కి వచ్చి చూస్తున్నారు, నీకు ఊరికే దొరికింది. ఎప్పుడైనా వెళ్లొచ్చు” అన్నాడు. ఎప్పుడైనా వెళ్లగలిగినవాళ్లకి వెళ్లే రోజు రాదు. పదింటికి గదులు ఖాళీ అవుతాయి, పన్నెండింటికి కొత్తవాళ్లు దిగుతారు, ఆ మధ్యలో ఎనిమిది దుప్పట్లు, నాలుగు బాత్రూములు, మధ్యాహ్నం వంట. అడగడం ఎప్పుడు మానేశానో కూడా గుర్తు లేదు.

ఆయన్ని తిట్టుకోవడం తేలిక. నన్ను నేను తిట్టుకోవలసింది ఒకటుంది, అది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి అరవై నిండిన ఏడు, ఒకరోజు పొద్దున్నే స్నానం చేసి, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వంటింట్లోకి వచ్చింది. “అమ్మాయ్, ఈపూట ఇల్లు నువ్వు చూసుకుంటావా? రేవు చివరిదాకా వెళ్లొస్తాను” అంది. ఎందుకని నేను అడగలేదు. చేతికి పర్సు తగిలించుకుని ఉంది, మొహానికి పౌడరు కూడా రాసుకుంది. నాకు తెలుసు ఎందుకో. నాలుగు గదులూ నిండి ఉన్నాయి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, నాకు ఒళ్లు మండిపోతోంది. “ఇవాళే వెళ్లాలా అత్తయ్యా? రేపెళ్దురుగాని, ఎక్కడికీ పోదు కదా” అన్నాను. ఆయన నోట్లో మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో! ఆవిడ చీర మార్చుకుని వచ్చి ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. రెండేళ్లకి కాలు జారి పడి మంచమెక్కింది.

అందుకే ఈ ఏడు కామెంట్ల పుస్తకంలో ఆ రాతలు చూసినప్పుడు నాకు గుండె గుభేలుమంది. మొదటిది ఒక బ్యాంకు ఉద్యోగిది. ‘దీపాలు పెట్టేవేళ ఇంటి పెద్దావిడ గదిలోకి వచ్చి, మంచం చివర కూర్చుని, మేం తిన్నవన్నీ అడిగి తెలుసుకున్నారు. ఎంత ఆప్యాయత!’ మా ఇంట్లో పెద్దావిడ ఎక్కడుంది? పొరబాటున రాశాడేమో అనుకున్నాను. నెల తిరక్కుండా ఒక కొత్త జంట రాసింది. ‘పెద్దావిడ గంట సేపు కదల్లేదు. మొదట కొంచెం భయమేసింది. పాపం, తర్వాత జాలేసింది.’ మూడోది అక్షరాలు కూడా రాని పసిదాని రాత. అమ్మానాన్నలు సామాను సర్దుకుంటుంటే ఆ పిల్ల పుస్తకంలో బొమ్మ గీసింది. ఒక మంచం, మంచం చివర సన్నగా ఒక ఆడమనిషి, నడినెత్తిన ముడి. నోరు మాత్రం పెద్ద సున్నాలా తెరుచుకుని ఉంది. మా అత్తగారు ముడే వేసుకునేది.

మా ఆయనతో అంటే పడీపడీ నవ్వాడు. “మంచిదేగా! దయ్యం ఉన్న ఇల్లని బోర్డు పెడితే గిరాకీ పెరుగుతుంది. మా అమ్మ పోయాక కూడా వ్యాపారం చూసుకుంటోందన్నమాట, నీకంటే నయం” అన్నాడు. నవ్వలేకపోయాను. దీపాలవేళ గదుల్లోకి వెళ్లాలంటే ఒళ్లు జలదరించేది. వసారాలో అడుగుల చప్పుడు విన్నాను, ఆవిడ మోకాళ్లకి రాసుకునే మందు నూనె వాసన రెండుసార్లు తగిలింది. ఒట్టేసి చెబుతాను. భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. బతికుండగా ఒక్క పూట ఇవ్వలేదు, చచ్చాక కూడా పరాయివాళ్ల మంచం చివర కూర్చుని చేప ఎలా ఉందని అడుక్కుంటోంది. కూజా అందిస్తూ తలుపు దగ్గరే, “అత్తయ్యా, నన్ను క్షమించు” అని లోపల్లోపలే అనుకునేదాన్ని. ఆ తర్వాత ఏదో మాటవరసకి గెస్టుల్ని, “ఏం తిన్నారమ్మా?” అని అడిగి, రెండు నిమిషాల్లో వచ్చేసేదాన్ని. అలా అనుకునేదాన్ని.

మొన్న ఆదివారం మొదటి గదిలో ఒక పళ్ల డాక్టరు దిగింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, ఒక్కతే వచ్చింది. మా ఆయన మ్యాపు తీయబోతే, “వద్దండీ, తప్పిపోదామనే వచ్చాను” అంది. నాకప్పుడే నచ్చింది. మూడో రోజు పొద్దున టిఫిను పెడుతుంటే నా మొహంలోకి పరీక్షగా చూసింది.

“ఆంటీ, ఏమనుకోకండి. మీకు కుడివైపు పన్ను ఏదైనా నొప్పిగా ఉందా?”

“కొన్నాళ్లుగా ఉందమ్మా. నీకెలా తెలుసు?”

“మా పనే అది కదా, ఎవరు కనిపించినా ముందు నోరు చూస్తాం. నిన్న సాయంత్రం నేను చేప సంగతి చెబుతున్నంతసేపూ మీరు ఎడమవైపే నమిలారు.”

“నేనెక్కడ నమిలాను? నా నోట్లో ఏముందని?”

ఆమె చెంచా కింద పెట్టింది. “ఏమీ లేదు ఆంటీ. ఖాళీ నోరే. కళ్లు మూసుకుని నములుతున్నారు. నిన్నే కాదు, మొన్న కూడా. మంచం చివర కూర్చుని, కూజా ఒళ్లో పెట్టుకుని, గంట పైనే ఉన్నారు. లేచేటప్పుడు పైటతో మూతి కూడా తుడుచుకున్నారు.”

లోపలికి వెళ్లి కామెంట్ల పుస్తకం తెచ్చి ఆ మూడు పేజీలూ ఆమె ముందు పెట్టాను. “ఈ పెద్దావిడ నీ గదికి రాలేదా? మా అత్తగారు. పోయి మూడేళ్లయింది” అన్నాను. ఆమె చదివింది. బొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత నా చెయ్యి మీద చెయ్యి వేసి, “ఇది మీరే కదా ఆంటీ” అంది.

చెయ్యి నా నెత్తి మీదికి పోయింది. ముడి. జడ వేసుకోవడం ఎప్పుడు మానేశాను? వంటింట్లో చెమటకని ఒకరోజు పైకి చుట్టాను, అది అలాగే ఉండిపోయింది. మోకాళ్ల నొప్పికి అత్తగారి సీసాలో మిగిలిన నూనె నేనే రాసుకుంటున్నాను. వసారాలో ఆ అడుగులు నావి. నాకు నలభై ఎనిమిదేళ్లు. చచ్చినావిడకి భయపడుతూ, ఆవిడ మీద జాలిపడుతూ ఉన్నాను ఇన్ని నెలలూ, గదిగదికీ తిరుగుతున్నదేమో నేను. ఆవిడ ఎక్కడికీ రాలేదు. హాయిగా పోయింది. ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది. ఎవరి మీదో తేల్చుకునే ఓపిక లేదు. ఒకటి మాత్రం స్పష్టంగా తెలిసింది. ఇలాగే ఇంకో పదేళ్లు గడిస్తే నేనూ ఈ ఊరిని విని పోతాను.

ఖాళీ ప్లేటు తీసి సింకులో వేశాను. కడగలేదు. చీర మార్చుకోలేదు, పౌడరు రాసుకోలేదు. తయారవడం మొదలుపెడితే ఆగిపోతానని భయం. సంచి తీసుకుని, చెప్పులేసుకుని ముందు గదిలోకి వచ్చేసరికి మా ఆయన రెండో గది వాళ్లకి మ్యాపు మీద దారి గీస్తున్నాడు.

“ఎక్కడికి?”

“చేప తినడానికి.”

“నిన్ననేగా వండావు, ఫ్రిజ్‌లో ఉందిగా” అన్నాడు, తలెత్తకుండానే. తర్వాత ఎత్తాడు. “పన్నెండింటికి మూడో గదికి మనుషులొస్తున్నారు. దుప్పట్లో?”

“బీరువాలో రెండో అరలో ఉన్నాయి. పరిచేముందు దులపండి, ఇసుక ఉంటుంది.”

రెండో గది ఆవిడ నవ్వు ఆపుకోవడానికి మ్యాపులోకి తల దూర్చింది. మా ఆయన పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. “ఒక్కదానివేనా? ఆగు, నేనొస్తాను, వాడికి చెప్పి బాగా కాల్పిస్తాను” అన్నాడు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఈ మాట ఏ రోజన్నా అని ఉంటే పొంగిపోయేదాన్ని. “వద్దు” అన్నాను. అంత చిన్న మాటకి అంత బరువుంటుందని తెలియదు. గుమ్మం దిగాను.

ఆరు వీధులూ నాకు కంఠతా వచ్చు, గెస్టులకి చెప్పీ చెప్పీ. ఎడమకి తిరిగి, ఐస్‌క్రీం దుకాణం దాటి, తాళ్ల గోదాం పక్కనుంచి. కానీ గోదాం దగ్గర కంపు ఉంటుందని నేనెవరికీ చెప్పలేదు, నాకెవరూ చెప్పలేదు కాబట్టి. రేవు పొడుగునా గాలి పైట లాగేస్తోంది. నీలం రేకుల కింద నాలుగు బల్లలు, ఒక పొయ్యి, పొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్న ఒక ఆడమనిషి. చేప కాల్చేది ఆడమనిషని కూడా ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. మా ఆయన ఎప్పుడూ “వాడు” అనేవాడు, వాడెవడో డబ్బులు తీసుకునేవాడు కాబోలు.

చేప వచ్చింది. పొయ్యి దగ్గరావిడ నిమ్మచెక్క పిండింది. రెండోది నేను అడగలేదు, నా నాలుకకి ఒకటి చాలో లేదో నేనే చూసుకుంటాను. తోలు కరకరలాడింది. లోపల మెత్తగా ఉంది, నేను అత్తగారికి చెప్పినంత మెత్తగా లేదు. ఎడమవైపు నమలబోయి, కళ్లు మూతలు పడుతున్నాయని తెలిసి, పట్టుబట్టి తెరిచాను. ఎదురుగా సముద్రం. బల్ల కింద పిల్లి. సంచిలో ఫోను మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఇంకో ముక్క పెట్టుకున్నాను. ఈసారి ఆదమరిచి గబుక్కున నమిలాను, పంటి చిగురులో చురుక్కుమంది. నోట్లో వేలు పెట్టి తీస్తే, సన్నగా, తెల్లగా, చివర చిన్న రక్తపు చుక్కతో ముల్లు.

పొయ్యి దగ్గరి ఆవిడ చూసి, “నెమ్మదిగా తినండమ్మా, ఈ చేపకి ముళ్లెక్కువ. కొత్తవాళ్లకి తెలియదు” అంది.

ఇరవై మూడేళ్లుగా కొన్ని వందలమంది నాకీ చేప రుచి చెప్పారు, కొన్ని వందలమందికి నేను చెప్పాను. దీనికి ముళ్లుంటాయని ఒక్కరం అనలేదు.