చిట్టిరత్నం మెడలో టేపు

నేను ఒక టేపును. దర్జీల మెడలో వేలాడే అరవై అంగుళాల పసుపుపచ్చ టేపును. మనుషులు తమ గురించి చెప్పుకునే సంగతులు నేను ఒక పట్టాన నమ్మను. నడుము చుట్టూ నన్ను తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టని మనిషిని ఇంతవరకు చూడలేదు మరి. నా అనుమానపు బుద్ధి అక్కడే మొదలైంది.

ఎక్కడో గుడ్డపట్టీకి రంగు పూసి, అంకెలు అచ్చువేసి, కొసలకు రేకు ముక్కలు బిగించి, నన్ను చుట్ట చుట్టి పంపారు. కాకినాడలో కుట్టుసామాన్ల కొట్టునుంచి అబ్బులు మాస్టారు కొన్నాడు. ఆయన జగన్నాథపురంలో పేరున్న కటింగ్ మాస్టారు. ఎదురుగా ఎంత గొప్పవాళ్ళు నిలబడినా ఆయన వాళ్ళ ముఖం చూసేవాడు కాదు, నా మీద అంకె చూసేవాడు. చూపు మందగించి పని మానేసిన రోజున శిష్యురాలు చిట్టిరత్నాన్ని పిలిచి, తన మెడలోంచి నన్ను తీసి ఆమె మెడలో వేశాడు. దర్జీల్లో అదొక ఆనవాయితీ. గురువు చేత్తో టేపు మెడలో పడిందంటే ఇక మిషను ముందు కూర్చోనక్కర్లేదు, బల్ల దగ్గర నిలబడి గుడ్డ కోయవచ్చు. చిట్టిరత్నం నన్ను కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత ప్రతి దసరాకూ కత్తెరతో పాటు నాకూ బొట్టు పెట్టేది. అలా పదకొండేళ్ళు గడిచాయి. కొత్త టేపు కొనమని ఎవరైనా అంటే, "మాస్టారు ఏసిన టేపండీ ఇది" అని నన్ను గుండెలకు అదుముకునేది.

ఇంతకీ చిట్టిరత్నం ఎలాంటి మనిషంటే, నేను మెడలో ఉండగానే నా కోసం దుకాణమంతా వెతికే మనిషి. కొలతలు నాతో తీసి పుస్తకంలో రాసుకోవడం, గుడ్డను ఇనుప స్కేలుతో గీసి కోయడం అబ్బులు మాస్టారి పద్ధతి. ఆమె ఆ పద్ధతి తప్పేది కాదు. కాని ఛాతీ కొలత రాస్తూ రాస్తూ వీధిలో పూలబండి వైపు చూసేది. అక్కడినుంచి ఆ పూలరంగు దారం ఉందో లేదో చూడ్డానికి లేచేది. దారం వెతుకుతూ ఎప్పుడో పోయిన బొత్తాల డబ్బా దొరికితే అది సర్దుతూ కూర్చునేది. లైనింగు తిరగేసి కోసేది. కొలత కోసం ఇచ్చిన ఆది జాకెట్లు పోగొట్టేది. ఇవి కాక, కుట్టి ఇచ్చిన జాకెట్లు బిగుతయ్యాయని వారానికి రెండైనా తిరిగి వచ్చేవి. వచ్చినప్పుడల్లా నుదురు కొట్టుకుని, "నా బుర్ర తగలెయ్య!" అని కుట్లు విప్పేది.

దుకాణం యజమానురాలు సత్యవేణి మంచిదే, కాని ఓపిక అయిపోయింది. "రత్నం, నీ చెయ్యి మంచిదే. ధ్యాసే నిలవదు. రాబోయే శ్రావణమాసం చూస్తాను. అప్పుడు కూడా ఒక్క జాకెట్టు తిరిగొచ్చిందంటే బల్ల వదిలేసి హుక్కులు కుట్టుకుందువుగాని" అంది. ఆ మాట చిట్టిరత్నానికి ఎంత లోతుగా దిగిందో నాకు తెలుసు. మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు తెలియకుండా ఉండదు.

ఆ వారమే ఆమె కూతురు హారికను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. పదో తరగతి పిల్ల, నల్లబల్ల మీద రాసింది చూసి రాసుకోదని బడివాళ్ళ ఫిర్యాదు. నన్ను మెడలోంచి తీయడం మరిచిపోయింది కాబట్టి నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ అడిగింది: మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తుందా? వస్తువులు పోగొడుతుందా? ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మనసు ఎటో పోతుందా? చిట్టిరత్నం అన్నింటికీ తలూపి, చివరికి "అది మా అమ్మాయి కాదండీ, నేను" అంది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. తర్వాత మరో మూడుసార్లు పిలిపించి, చిన్ననాటి సంగతులన్నీ అడిగి తేల్చిందేమిటంటే, ధ్యాస నిలవకపోవడం అనే ఈ లోపం పుట్టుకతో వచ్చిందట, పెద్దవాళ్ళలోనూ ఉంటుందట. హారికకు కళ్ళద్దాలు వచ్చాయి. తల్లికి మందు వచ్చింది.

రోజూ పొద్దున టిఫిను తిన్నాక ఒక మాత్ర. ఆ మాత్ర అంటే నాకు మొదటి రోజే గిట్టలేదు. అది మింగిన గంటకు మెడ దగ్గర నరం పరుగు అందుకుంది. నోరు ఎండిపోయి మాటిమాటికీ నీళ్ళు తాగింది. మధ్యాహ్నం అన్నం క్యారేజీ మూత కూడా తీయలేదు. పైగా మాట్లాడలేదు! పూలబండి వచ్చింది, వెళ్ళింది, ఆమె తల ఎత్తలేదు. ఒకదాని తర్వాత ఒకటి ఆరు జాకెట్లు కోసింది. సాయంత్రం మందు దిగిపోయేసరికి మిషను కుట్టేవాళ్ళ మీద అయినదానికీ కానిదానికీ కస్సుమంది. ఇది మా చిట్టిరత్నమేనా, లేక ఆమె లోపల కూర్చుని ఇంకెవరో కత్తెర ఆడిస్తున్నారా అని నాకు అనుమానం.

అనుమానం నాకొక్కదానికే కాదు. ఆమె భర్త నూకరాజు బియ్యం మిల్లులో పని చేస్తాడు. సాయంత్రం ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి దుకాణానికి వచ్చి, "ఏం గోళీలే అయి? కూడు తిననివ్వవు, నిద్దరోనివ్వవు. అలవాటైపోతే ఇంకెప్పటికి మానేత్తావు?" అన్నాడు. ఒళ్ళు తగ్గడం చూసి సత్యవేణి అది సన్నబడే మందేమోనని కన్ను వేసింది. అసలు అనుమానం చిట్టిరత్నానిది. ఒకసారి అద్దం ముందు నిలబడి తన నడుముకు నన్ను చుట్టి, "పని చేత్తుంది నేనా, ఆ మాత్రా?" అని నన్నే అడిగింది.

ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు మాత్ర మానేసింది. రెండో రోజు నన్ను క్యారేజీలో పెట్టి మూత వేసి, పొద్దుగూకే దాకా వెతికింది. పచ్చడి వాసన నన్ను వారం వదల్లేదు. మర్నాడు డాక్టరమ్మ ముందు తలవంచుకుని అన్నీ చెప్పింది. ఆవిడ నాడి చూసి, రక్తపోటు చూసి, మాత్ర మోతాదు తగ్గించింది. చెప్పకుండా మానొద్దంది, తినకుండా వేసుకోవద్దంది. "మాత్ర మీ చేత పని చేయించదమ్మా, మీరు చేసే పని దగ్గర మిమ్మల్ని కాసేపు ఉండనిస్తుంది" అంది. కొలతలు పైకి చదువుతూ రాసి, రెండుసార్లు సరిచూసుకోమని కూడా చెప్పింది. అప్పటినుంచి నరం కాస్త నెమ్మదించింది. అయినా నా అనుమానం నాకుంది.

శ్రావణమాసం వచ్చిన మూడోనాడే, వాడుకగా వచ్చే కుసుమ టీచరు వారం కిందట కుట్టించుకున్న పట్టు జాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. "చంకల దగ్గర పట్టేస్తోందమ్మా, హుక్కులు పడట్లేదు" అంది. దుకాణంలో మిషన్లు ఆగిపోయాయి. సత్యవేణి హుక్కులు కుట్టే ముక్కాలిపీట వైపు చూసింది. అప్పుడే వచ్చిన నూకరాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "సెప్పేనా? గోళీలు మింగినా ఇంతే. మానెయ్యి" అన్నాడు.

నాకు సంతోషం కలిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాత్ర ఓడిపోయిందని సంతోషం కలిగింది.

చిట్టిరత్నం చెయ్యి అలవాటుగా నుదుటి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. పుస్తకం తీసి టీచరు పేజీ చూసింది. పైకి చదివి రాసిన కొలత, పక్కన రెండు టిక్కులు. "నేను తప్పు రాయలేదండీ" అంది మెల్లగా. జాకెట్టును బల్ల మీద పరిచి స్కేలుతో సగం వెడల్పు కొలిచింది. రాసిన కొలతలో సగానికి సరిపోయింది. నాతో కొలిచింది. తక్కువ వచ్చింది. ఒకే జాకెట్టు, రెండు కొలతలు. ఇదివరకైతే తన కళ్ళే చెదిరాయనుకునేది. ఇప్పుడు మళ్ళీ కొలిచింది. మళ్ళీ అదే. అప్పుడు జాకెట్టు పక్కకు తోసి, స్కేలు పక్కనే నన్ను పరిచింది.

ఇరవై నాలుగు అంగుళాల దగ్గర స్కేలు అయిపోయింది. నా ఇరవై నాలుగు ఇంకా అర అంగుళం అవతల ఉంది.

నేను సాగిపోయాను. మెడ చెమటకు నాని, రోజూ లాగుడికి కొంచెం కొంచెంగా సాగి, ముప్పై ఆరున్నర దాటిన మనిషిని ముప్పై ఆరని చెబుతూ వచ్చాను. ఇనుప స్కేలేమో నేను చెప్పింది నమ్మి అంతే కోసింది. నాకు తెలియదా అంటే, ఏమో! బొట్టు పెట్టించుకునేవాళ్ళకు తమ మీద తమకు అనుమానం రాదు.

"అయితే ఇన్నాళ్ళూ తిరిగొచ్చిన జాకెట్లన్నీ..." అంది సత్యవేణి.

చిట్టిరత్నానికి ఏడుపు ఆగలేదు. "నా వల్లేనన్నారు. నేనూ నా వల్లేననుకున్నానండీ. ఒక్కసారైనా టేపు కొలిసి సూద్దామనిపించలేదు" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. "లైనింగు తిరగేసింది నేనే. ఆది జాకెట్లు పోగొట్టింది నేనే. ఇది మాత్రం నాది కాదు."

గుమ్మంలో నూకరాజు గొంతు సవరించుకుని, "టిఫిను తిన్నాకేనా ఆ గోళీ ఏసుకుంటున్నావు?" అన్నాడు. ఆమె తలూపింది.

ఇప్పుడు నేను బల్ల కింద ఉన్నాను. పీలికల మూటకు నన్ను కట్టారు. ఆ మందు మీద నా అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆమె మెడ నాకు దూరమైంది కాబట్టి నరం ఎలా కొట్టుకుంటోందో చెప్పలేను. కాని ఆ రోజు సంగతి ఒప్పుకోవాలి. పదకొండేళ్ళలో ఆమె తనను కాక మరొకరిని అనుమానించడం అదే మొదటిసారి.

మర్నాడు సత్యవేణి కొత్త టేపు తెచ్చి ఇచ్చింది. చిట్టిరత్నం దాన్ని కళ్ళకద్దుకోలేదు, మెడలోనూ వేసుకోలేదు. ముందు స్కేలు పక్కన పరిచి, ఒక్కో అంగుళం మీదా వేలు పెట్టుకుంటూ చివరిదాకా చూసింది. తనను అంతగా అనుమానించే మనిషి చేతిలో పడిన ఆ కుర్ర టేపును చూస్తే నాకు అసూయగా ఉంది.