ఇషా కోటు జిప్పు

యాదయ్య భువనగిరిలో నలభై ఏళ్లు ప్యాంట్లు కుట్టిన టైలర్. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉందామని జెర్సీ సిటీకి వచ్చాడు. ఆ జనవరిలో కోడలు విద్య తన మూడేళ్ల కూతురు ఇషాకు ప్రీస్కూల్ చూపించి తీసుకొచ్చింది. వస్తూనే ఆమె చెప్పిన మాటకు ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"ఎవరి కోటు వాళ్లే వేసుకోవాలట మామయ్యా. జిప్పు పెట్టుకోవడం రాకపోతే బయట ఆడుకోనివ్వరట. ఇదొక్కతే లోపల కిటికీ పట్టుకుని ఏడ్చింది. ఇంక స్కూల్‌కి పోనే పోనంటోంది."

జిప్పులతోనే బతికిన మనిషి మనవరాలు జిప్పు రాక ఏడవడమా! తప్పెవరిదో వెతకనక్కర్లేదు. పొద్దున్నే ట్రైన్ అందుకునే హడావిడిలో విద్య సర్రున లాగేసేది. మిగతా వేళల్లో ముద్దుకొద్దీ తాతే లాగేవాడు. పిల్ల మాత్రం మహారాణిలా గడ్డం పైకెత్తి నిలబడేది.

"స్కూల్‌కు ఇంక పది రోజులున్నది గద. నాకిడిశిపెట్టు," అన్నాడు యాదయ్య.

మొదటి రెండు రోజులూ ఎదురుగా కూర్చుని చూపించాడు. ఆయన కుడి ఆమెకు ఎడమయింది. విసుగొచ్చి ఇషా కోటు నేలకేసి కొట్టింది. మూడో రోజుకి గానీ పెద్దాయనకు బుద్ధి రాలేదు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వెనకనుంచి ఆమె చేతులు పట్టుకుని జిప్పు అడుగు కొనలు రెండూ దగ్గరకు తెచ్చాడు.

"గీ పుల్ల గీ డబ్బీల కూసోవాలె. కూసోకముందే గుంజకు. ఆ... గిప్పుడు గుంజు, బిడ్డా!"

చిన్న వేళ్లకు పట్టు చిక్కడం లేదని జిప్పుకు నాడా ముక్క కట్టాడు. రోజూ టిఫిన్ కాగానే ఇరవైసార్లు సాధన. తానే లాగేద్దామని చేతులు ఎంత ఆరాటపడ్డా ఊరుకున్నాడు. దీనికంటే షేర్వాణీ కుట్టడమే నయమనిపించింది. తొమ్మిదో రోజున జిప్పు ఒకసారి గడ్డం దాకా వెళ్లింది. ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్లలేదు.

స్కూల్ మొదలైన రోజు పెద్దవాళ్లు కాసేపు ఉండొచ్చన్నారు. ఆటల వేళకు పిల్లలంతా కోట్లు తొడుక్కుని తలుపు దగ్గర వరసకట్టారు. ఇషా జిప్పు సగంలో గుడ్డను పట్టేసింది. పైకి లాగితే రాలేదు. పెదవి వణికింది. కారిడార్‌లో విద్య పక్కన నిలబడ్డ యాదయ్య చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. టీచరమ్మకు జాలేసి, మోకాళ్ల మీద కూర్చుని చేయి చాపింది.

"నో! నేనే!" అంటూ ఇషా గిరుక్కున అటు తిరిగింది.

జిప్పును అడుగుదాకా దింపింది. పుల్లను మళ్లీ కూర్చోబెట్టింది. నాలుక బయటపెట్టి కొంచెం కొంచెంగా పైకి లాగింది, గడ్డానికి తగిలేదాకా ఆపలేదు. టీచరమ్మ తలుపు తీసింది. పిల్ల మంచులోకి తుర్రుమంది.

విద్య కళ్లు తుడుచుకుంది. "ఒక్కసారైనా వెనక్కి తిరిగి మనల్ని చూస్తుందనుకున్నా మామయ్యా."

"ఎందుకు సూస్తది? మనతోని దానికిప్పుడు ఏం పనున్నది?" అన్నాడు యాదయ్య, కారిడారంతా వినబడేట్టు, గర్వంగా.