కోడికి ప్రవేశం ఉంది

స్పీచ్ థెరపిస్టు నాలుగింటికి వస్తానంది. మూడున్నరలోపే చెల్లెలు నాలుగు గ్లాసుల నీళ్లు తాగింది, కిటికీ ఆరుసార్లు మూసి తెరిచింది. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఎంత రద్దీలోనైనా తొణకని గొంతని పేరు. ఇవాళ మాత్రం నాలుక పిడచకట్టుకుపోతోంది.

భయమంతా అక్క గురించే. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి అక్కకు కుడి చెయ్యి పడిపోయింది, నోట మాట పోయింది. అంతకుముందు ఆవిడ లిఫ్టు మెకానిక్. పదో అంతస్తులో మొరాయించిన లిఫ్టును కూడా నాలుగు తిట్లు తిట్టి దారికి తెచ్చేది. ఇప్పుడేమో థెరపిస్టు కప్పు బొమ్మా కుక్క బొమ్మా ముందుపెట్టి, కప్పు ఏదో చూపించమంటే, గోడవైపు తిరిగి కూర్చుంటుంది. 'చెప్పింది అర్థమవుతోందా' అన్న గడిలో థెరపిస్టు ఇప్పటికి రెండుసార్లు 'లేదు' అని రాసింది. ఇవాళ మూడోసారి. ఇవాళా అదే రాస్తే ఆసుపత్రి వాళ్లు మనిషిని పంపడం మానేస్తారు. ఆపైన అక్కను ఎవరూ ఏమీ అడగరు. అన్నం పెడతారు, పక్క సర్దుతారు, అంతే.

చెల్లెలి అనుమానం వేరు. ఇరవై ఏళ్లు మోటార్ల కడుపులో చెయ్యి పెట్టి బతికిన మనిషికి కప్పు బొమ్మ చూపిస్తే ఒళ్లు మండదూ? ఆ మాటే చెప్పి, బొమ్మలు పక్కనపెట్టి అక్క ఆటతో ఒక్క పది నిమిషాలు పరీక్షించమని బతిమాలుకుంది. థెరపిస్టు చిన్న వయసుదే అయినా మనసు పెద్దది, ఒప్పుకుంది.

అదొక పాతకాలపు కంప్యూటర్ సాహసం ఆట. ఓడ మునిగిన వంటవాడొకడు దీవిలో పడి, దారి వెతుక్కుంటూ తిరుగుతాడు. తెర అడుగున చూడు, తీసుకో, ఇవ్వు, మాట్లాడు అని రాసి ఉంటుంది. మాట మీదా వస్తువు మీదా బాణం పెట్టి నొక్కితే వాడు ఆ పని చేస్తాడు. చిన్నప్పుడు నాన్న కంప్యూటర్లో అక్కచెల్లెళ్లు దీన్ని ఎన్నిసార్లు ఆడారో లెక్కలేదు. బాణం అక్కది, గొంతు చెల్లెలిది. తెర మీది మనుషుల మాటలన్నీ చెల్లెలే గొంతులు మార్చి చదివేది. కంప్యూటర్ తుక్కులోకి పోయినా అక్క ఆటను వదల్లేదు. ఎవరో పారేసిన టీవీ గేమ్ పెట్టెను బాగుచేసి, ఆట దానిమీద నడిచేలా సీడీ తయారుచేసుకుంది. ఆ పెట్టె ఇలాంటి ఆటల కోసం పుట్టింది కాదు. నడవాలంటే సవాలక్ష షరతులు, అవన్నీ అక్క ఒక నోటుపుస్తకంలో రాసుకుంది.

చెల్లెలు మొదటి పేజీ చదివింది, అన్నీ తగిలించింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బాణాన్ని కదిపే మీటల కంట్రోలర్ ఒకటి చాలు, రెండోది కూడా తగిలించి దుప్పటి కింద దాచింది. అక్క తడబడితే బాణాన్ని తను కాస్త ముందుకు తోస్తే సరి, ఎవరు చూడొచ్చారు? ప్రేమ ముదిరితే మనిషి ఎంతకైనా దిగజారుతుంది.

థెరపిస్టు వచ్చి కూర్చుంది. ఫారం ఒళ్లో పెట్టుకుంది. చెల్లెలు స్విచ్ వేసింది. సీడీ తిరిగింది, దీవి కనిపించింది, అంతలోనే తెర నల్లబడి అలాగే ఉండిపోయింది.

ఆపి మళ్లీ వేసింది. మళ్లీ నలుపే. థెరపిస్టు మర్యాదకు గడియారం వైపు చూడలేదు, కానీ చూడకుండా ఉండడం తెలిసిపోతూనే ఉంది. చెల్లెలు గబగబా నోటుపుస్తకం తిరగేస్తే చివరి పేజీలో అక్క గుండ్రటి అక్షరాలు కనిపించాయి. 'రెండో కంట్రోలర్ పెట్టొద్దు. మెమరీ చాలక ఆగిపోతుంది. ఒక్కళ్లే ఆడాలి.'

దొంగకు తేలు కుట్టినట్టయింది. కిక్కురుమనకుండా దుప్పటి కింద వైరు లాగేసింది. ఈసారి ఆట నడిచింది. ఇంక సాయం చెయ్యడానికి దారి లేదు.

వంటవాడు కోట గుమ్మం ముందున్నాడు. కాపలా ముసలాడికి చూపు ఆనదు, కళ్లద్దాలిస్తే వంటవాడి దగ్గరున్న ప్రవేశం చీటీ చదివి లోపలికి వదులుతాడు. ఆ సంగతి చెల్లెలు థెరపిస్టుకు ముందే చెప్పింది. వంటవాడి సంచిలో అద్దాలూ, తాడూ, ఒక కోడీ ఉన్నాయి.

"మేడమ్, కాపలా తాతకి అద్దాలివ్వండి," అంది థెరపిస్టు మెల్లగా.

అక్క ఎడమచేతి బొటనవేలు కదిలింది. బాణం తెరంతా తడుముకుని 'ఇవ్వు' మీద ఆగింది. బాణం అద్దాల దగ్గరికి వెళ్లింది, నిలబడింది, దాటిపోయింది. కోడి మీద ఆగింది. అక్క అదే చేత్తో మీట నొక్కింది.

థెరపిస్టు నిట్టూర్చి కలం తీసింది. చెల్లెలు ఇంకొక్కసారి అడగమని ప్రాధేయపడబోయి ఆగిపోయింది. అయిపోయింది, అక్క లేదు, ఈ ఒళ్లొక్కటే మిగిలింది అనుకుంది. కళ్లనిండా నీళ్లతో తెర కూడా ఆనలేదు.

టక్ టక్.

మోకాలి మీద ఎవరో వేలి కణుపులతో కొట్టారు. చూస్తే అక్క చెయ్యి. అక్క తెరను చూడడం లేదు, చెల్లెలి మొహంలోకే చూస్తోంది. చిన్నప్పుడు చెల్లెలు కునికిపాట్లు పడి తన వంతు చదవడం మరిచిపోతే సరిగ్గా ఇలాగే కొట్టేది.

చెల్లెలు కళ్లు తుడుచుకుని తెర వైపు చూసింది. ముసలాడు కోడిని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. వాడి మాట వాడి తల మీద రాసి ఉంది. ముప్పై ఏళ్ల కిందట ఈ ఒక్క మాటకే ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. ఎన్నిసార్లు ఆడినా, అద్దాలకంటే ముందు కోడిని ఇవ్వకుండా అక్క ఒక్కసారీ ఈ గుమ్మం దాటలేదు. భయంలో తనే మరిచిపోయింది. మంచంపట్టిన మనిషికి గుర్తుంది.

"కోడికి ప్రవేశం ఉంది," అని ముసలాడి గొంతుతో చదివింది. "నీకే లేదు."

అక్క మూతి ఎడమవైపు పైకి లేచింది. గొంతులోంచి బొంగురుగా ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వే. తరువాత బాణాన్ని వెనక్కి తెచ్చింది. ఇవ్వు. అద్దాలు. గుమ్మం తెరుచుకుంది.

థెరపిస్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"చిన్నప్పట్నుంచీ ఎప్పుడూ ముందు కోడే మేడమ్," అంది చెల్లెలు ఏడుస్తూనే.

థెరపిస్టు గడిలో రాయడం మొదలుపెట్టిన అక్షరాన్ని కొట్టేసింది. తెర మీద ముసలాడు అద్దాలు పెట్టుకుని ఇంకేదో అంటున్నాడు. అక్క మళ్లీ మోకాలి మీద కొట్టింది, ఈసారి కాస్త గట్టిగానే.