గోవిందమ్మ ఏరుకున్న కంప్యూటర్

నా రాతలో తప్పులు దొర్లితే సర్దుకుని చదవండి. పెద్దవయసులో పట్టిన కలం, నడక నిదానం.

ఎనభై తొమ్మిది వేసవిలో, మామిడికాయ కోతలు జోరుగా సాగుతున్నప్పుడు, నూజివీడులో గోవిందమ్మ ప్రెస్సుకి రెండు కంప్యూటర్లు ఒకేసారి వచ్చాయి.

“సాయంత్రం దాకా చూసుకోండమ్మా. నచ్చింది ఉంచుకోండి, రెండోది పట్టుకుపోతాను,” అన్నాడు వాటిని బెజవాడ నుంచి తెచ్చిన జోజిబాబు.

భర్త పోయాక ప్రెస్సు గోవిందమ్మే నడుపుతోంది. మామిడి పెట్టెలకు అంటించే లేబుళ్లకి చెక్కదిమ్మెల మీద బొమ్మలు తనే చెక్కేది. ఇప్పుడు రైతులు కంప్యూటర్ లేబుళ్లు అడుగుతున్నారు. ఆమె మరిది నరసింహం కంప్యూటర్ కోర్సు చేసొచ్చాడు.

“అదంతా నేను చూసుకుంటాలే వదినా. నువ్వింక ఇంటిపట్టున ఉండు,” అంటున్నాడు.

ఇంటిపట్టున కూర్చుంటే ప్రెస్సు అతనిదైపోయినట్టేనని గోవిందమ్మకు తెలుసు. తన చేతికి లొంగే కంప్యూటర్ దొరక్కపోతే తన పని అంతటితో సరి.

మొదటిదాని తెర నల్లగా ఉంది. నరసింహం చెప్పిన ఇంగ్లీషు అక్షరాలు ఆమె ఒక్కొక్కటే వెతికి నొక్కింది. అది కీచుమని అరిచింది.

“ఏంటంటోంది?”

“తప్పంటోంది వదినా.”

“ఏది తప్పో చెప్పదా?”

“మనమే కనుక్కోవాలి.”

“అయితే మీ అమ్మే నయం. తప్పేంటో చెప్పి మరీ తిట్టేది.”

జోజిబాబు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

రెండోదాని తెర మీద పెన్సిలు, కుంచె, రబ్బరు, అన్నీ బొమ్మలుగా కనిపిస్తున్నాయి. “ఈ మౌస్‌ని బల్ల మీద జరపండమ్మా. ఏది కావాలంటే దాని మీద నొక్కండి,” అన్నాడు జోజిబాబు.

“పిల్లలాట,” అన్నాడు నరసింహం.

గోవిందమ్మ పెన్సిలు మీద నొక్కింది. మొదట గీతలు వంకర్లు పోయాయి. చేయి కుదుటపడ్డాక చిన్నరసం మామిడికాయ గీసింది. ముక్కు దించింది, తొడిమె పెట్టింది, ఆకు తగిలించింది. కింద ‘నూజివీడు రసం’ అని రాసింది.

నరసింహం పగలబడి నవ్వాడు. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి! దిమ్మె మీద తిరగేసి చెక్కితేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. ఏళ్ల తరబడి అలాగే చెక్కిన చేయి ఇక్కడా అదే పని చేసింది.

“ఇది చెక్కదిమ్మె కాదు వదినా. ఇక లే.”

ఆమె లేవలేదు. బొమ్మల వరస చూసుకుంటూ పోయింది. ఒకచోట రెండు బాణాలు పైకీ కిందికీ చూస్తున్నాయి. దాని మీద నొక్కితే కాయ తలకిందులైంది. మళ్లీ నొక్కితే మామూలైంది. తప్పు నొక్కినా కసురుకోలేదు! పక్కనే ఇంకో రెండు బాణాలు ఎడంకీ కుడికీ చూస్తున్నాయి. నొక్కింది. అక్షరాలన్నీ ఒక్కసారిగా తిన్నగా తిరిగాయి.

“అరె!” అన్నాడు జోజిబాబు. “ఇది నేనింకా చెప్పనే లేదు!”

“బొమ్మలు రోజూ ఉండవు. మరి బిల్లుల సంగతో?” అడిగింది గోవిందమ్మ.

అదీ చూపించాడు. ఆ మౌస్‌తోనే గళ్లు గీసి, అంకెలు వేసింది.

లేబుళ్ల కోసం వచ్చిన రెడ్డిగూడెం రైతు దశరథరామయ్య, ప్రింటరు గరగరలాడుతూ వదిలిన లేబులు కాగితాన్ని వెలుగులోకి పట్టుకెళ్లి చూశాడు. “ఏం కాయమ్మా! కొరుక్కు తినాలనిపిస్తోంది. మా తోట పెట్టెలన్నిటికీ ఇదే వేసెయ్యండి.”

“జోజిబాబూ, ఇది ఉంచు. ఆ నల్లదాన్ని తీసుకుపో,” అంది గోవిందమ్మ.

నరసింహం మెల్లగా దగ్గరికొచ్చాడు.

“వదినా, ఆ తిరగేసేది ఏది నొక్కావు?”

“చూపిస్తా. ఆ స్టూలు ఇటు లాక్కో. కుర్చీలో నేనుంటాను.”

— రాజరాజేశ్వరి, అరవై ఎనిమిదేళ్లు, ప్రస్తుతం ఉండేది మైలవరంలో.